తోట ఖాళీ స్థలము కాదు

చెన్నపట్టణమున, మైలాపూరులో, లజ్ చర్చి రోడ్డు ప్రక్కన నొక చిన్న యుద్యానవనము కలదు. విస్తీర్ణము సుమారు నాలుగెకరములు. తెల్లవారుజామున తలుపు తెఱచినది మొదలు జనము లోనికి వచ్చుచునే యుందురు. కొందఱు వైద్యుని మాట తప్పలేక చుట్లు లెక్కపెట్టుకొనుచు నడతురు. కొందఱు నడచుటకని వచ్చి బల్లలపై కూలబడి పత్రికలు చదువుదురు. వృద్ధులు నలుగురు చేరిన చోట అఱవమును తెనుగును కలగలుపుగా వినవచ్చును. సాయంకాలము పిల్లల వంతు. ఈ పార్కునకు నాగేశ్వరరావు పార్కని పేరు.

ఆ నాగేశ్వరరావెవరో, లోపల నడచువారిలో చెప్పగలవారు కొలదిమందియే యుందురు. తెలుగువారు మాత్రము మఱవగూడని పేరది. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో అమృతాంజనమును తయారుచేసి యమ్మి, ఆ యాదాయముతో 1908లో అచ్చటనే ఆంధ్రపత్రికను వారపత్రికగా స్థాపించిరి, 1914లో చెన్నపట్టణమున దినపత్రికను వెలువరించిరి, దేశోద్ధారకులని ప్రజలచే బిరుదందిరి, 1938లో దివంగతులైరి. వారి పేరు ధరించిన యీ నాలుగెకరముల పచ్చదనము నేటికిని నిలిచియున్నది. ఇచ్చటికి కొలది మైళ్ల దూరమున, సెంట్రల్ స్టేషనుకు చేరువగా, 116 ఎకరముల మహోద్యానమొకటి యుండెడిది. అది నిలువలేదు. చిన్నది నిలిచి పెద్దది పోవుట కేమి కారణము? ఈ ప్రశ్నకు సమాధానము వెదకినచో, నగరములందు తోటలను మనమే కంట చూచుచున్నామో, ఏ వెలకు కొనుచున్నామో, ఏ తీరున వాడుకొనుచున్నామో తేటపడగలదు.

ఆ పెద్ద తోట పేరు పీపుల్స్ పార్కు, అనగా ప్రజల తోట. 1859లో గవర్నరుగా వచ్చిన సర్ ఛార్లెస్ ట్రెవెల్యన్ దొర హయాములో అది రూపొందెను. అందు కొలనులు, నడకబాటలు, బండిబాటలు, బ్యాండుమేళపు మండపము అమర్పబడెను. ఎగ్మూరు మ్యూజియము ఆవరణమున 1855లో పుట్టిన జంతుశాల తరువాత నీ తోటకే మాఱెను. పల్లెటూళ్లనుండి పట్నము చూడవచ్చిన తెలుగువారు మ్యూజియమును ‘చచ్చిన కాలేజి’ యనియు, జంతుశాలను ‘బ్రదికిన కాలేజి’ యనియు పిలుచుకొనెడివారు. అఱవమునందును ఇట్టి పేళ్లే యుండెను. పుస్తకము ముట్టని వానికి సయితము పాఠము చెప్పు చోటు గనుక కాలేజి యనుట తగియేయున్నది.

ఆ తోట యొక్కనాట మాయము కాలేదు. ఎవడును దానిని దొంగిలించుకొనిపోలేదు. ముక్కముక్కగా, పట్టపగలు, మేళతాళములతో పోయినది. 1883లో విజయనగర ప్రభువు పూసపాటి ఆనందగజపతి మహారాజుగారు శంకుస్థాపన చేయగా, తోట యంచున నొక పురమందిరము లేచెను. అదియే విక్టోరియా పబ్లిక్ హాలు. 1891లో బళ్లారినుండి ధర్మవరము కృష్ణమాచార్యులవారి సరసవినోదినీ సభవారు వచ్చి తెలుగు నాటకము లాడినది ఆ హాలులోనే. వానిని చూచిన యుత్సాహముతోనే పమ్మల్ సంబంధ మొదలియారుగారు అఱవ నాటకములకై సుగుణవిలాస సభను స్థాపించిరి. అట్టి హాలును కట్టవలదని యెవరనగలరు? పిమ్మట 1898లో పునాది పడి 1900లో తెఱవబడిన మూర్ మార్కెట్టు వచ్చెను. పాత పుస్తకములకై అచ్చట మధ్యాహ్నములు గడపినవారు నేటికిని ఆ చోటును తలచుకొందురు. 1913లో నగరపాలక సంఘమునకు రిప్పన్ భవనము సిద్ధమయ్యెను. నగరమునకు కార్యాలయము వలదా? ఆటలకు స్టేడియము వచ్చెను. యువకులకు ఆట వలదా? 1985లో మూర్ మార్కెట్టు అగ్నికి ఆహుతియయ్యెను; ఆ స్థలమున నగర శివారు రైళ్లకు స్టేషను వెలసెను. లక్షలాది ఉద్యోగులకు రైలు వలదా? ఆ యేటనే జంతుశాల వండలూరునకు తరలిపోయెను. ఇఱుకు బోనులలోని మృగములకు అది మేలే యయ్యెను. ఇట్లు చివరకు మై లేడీస్ పార్కు వంటి చిన్న శేషము తప్ప తోట కనబడకుండ పోయినది. పేళ్లు మాత్రము మిగిలినవి. ఆ పేట పార్కుటవును. ఆ స్టేషను పార్కు స్టేషను. దిగిన ప్రయాణికుడు పార్కెక్కడని యడిగినచో చూపుట కేమియు లేదు.

ఈ కథలో దుష్టుడు లేడు. ఉన్నచో పోరాడుట సులభమయ్యెడిది. ఇందున్నవన్నియు సత్కార్యములే. ప్రతి సత్కార్యమును తనకు కావలసినది కొంచెమే యని చెప్పి తోటలోనికి వచ్చినది; వచ్చి వెడలిపోలేదు. ఒక్కొక్క ముక్క తెగినప్పుడు మిగిలిన భాగము చాల పెద్దదిగనే కనబడెను. పది కోతల తరువాత చూచుకొనగా కోయుటకే లేకపోయెను. దీనికంతకు మూలమొక చిన్న మాట: ఖాళీ. మిద్దె లేదు గనుక స్థలము ఖాళీ. అద్దె రాదు గనుక స్థలము ఖాళీ. నూఱు మఱ్ఱులు, వేయి పక్షులు, లక్షమంది ఊపిరి యున్నను లెక్కల పుస్తకమున ఆ గడి ఖాళీగనే యుండును. చెఱువు నిండుగ నున్నప్పుడు నీరని, ఎండినప్పుడు స్థలమని మనము చెఱువులను పోగొట్టుకొంటిమి. తోటలను పచ్చగ నున్నప్పుడే స్థలమని పోగొట్టుకొనుచున్నాము.

జనము రాకపోవుటచే పీపుల్స్ పార్కు నశించినదని కొందఱు వాదింపవచ్చును. అది సరికాదు. జంతుశాలకు, తిరునాళ్లవంటి ప్రదర్శనములకు తండోపతండములుగ జనము వచ్చుచునే యుండిరి. కాని రాకపోకలు వేఱు, హక్కు వేఱు. వారు దొరతనమువారి తోటకు చూడవచ్చిన యతిథులు. తోటలో ముక్క కోయునప్పుడు వారి నడిగినవారు లేరు. అడుగవలెనని వారును అనుకొనలేదు. అతిథికి ఇంటిగోడ పడగొట్టుచున్నప్పుడు చింత కలుగును గాని మాట చెల్లదు. పేరు ప్రజల తోటయే. పట్టా మాత్రము ప్రజల చేతిలో లేదు.

ఈ విషయమున మన కొక వెలుగు బెంగుళూరునుండి వచ్చినది. అచ్చటి యొక విస్తరణపు పేటలో పార్కు కొఱకు పటమున గుర్తింపబడిన స్థలమును అధికారులు ఒక ప్రైవేటు సంస్థకు ఆసుపత్రి కట్టుకొనుటకై కేటాయించిరి. ఆసుపత్రి! ఇంతకంటె సత్కార్యము మఱేది? అయినను ఆ పేటవాసులు న్యాయస్థానమున కెక్కిరి. మీ కిందు సంబంధమేమని ఎదుటివారు ప్రశ్నించిరి. వ్యాజ్యము సుప్రీముకోర్టు వఱకు పోయెను. 1991లో ఆ న్యాయస్థానము పేటవాసుల పక్షమున తీర్పు చెప్పెను. పార్కునకని యుంచిన చోటు పార్కుగనే యుండవలెననియు, ఎంత మంచి పనికైనను అధికారులు తమ చిత్తము వచ్చినట్లు దానిని మార్చివేయరాదనియు, ఆ గాలి పీల్చు ఇరుగుపొరుగువారికి ప్రశ్నించు నధికారము కలదనియు ఆ తీర్పు సారాంశము. పీపుల్స్ పార్కు యతిథులకు లేని మాట ఆ పేటవారికి దొరికెను. చూడుడు: తోటకు వచ్చు నలవాటు, ఇది మాది యను భావము, ఆ భావమునకు చట్టపు బలము, ఈ మూడును చేరిననే తోట నిలుచును. మూటిలో మొదటిది లేనిదే తక్కిన రెండును పుట్టవు. ఎవడును వాడని తోటకై ఎవడు కోర్టు మెట్లెక్కును?

కావున వాడుకను గూర్చి విచారింతము. తోట దేనికని యడిగినచో చదువుకొన్నవారు వ్యాయామమునకని వెంటనే చెప్పుదురు. అది సత్యములో నొక పాలు మాత్రమే. త్యాగరాయనగరు నడుమ పానగల్లు పార్కు కలదు. 1921 మొదలు 1926 వఱకు మదరాసు రాజధానికి ముఖ్యమంత్రిగా నుండిన పానగల్లు రాజావారి పేర వెలసినదది. ఆ పేట పేరు పిట్టి త్యాగరాయచెట్టిగారిది. తెలుగు చలనచిత్రములు చెన్నపట్టణమున తయారగు దినములలో, పాట వ్రాయుటకో వేషము కట్టుటకో ఊరు విడిచి వచ్చిన పెక్కుమందికి ఆ పార్కు బల్లలే కచేరిసావడి, అవియే కొన్ని రాత్రులు పడకయిల్లు. కబురు వచ్చువఱకు కూర్చుండుటకు అద్దె యడుగని చోటు అదియొక్కటే. ఆ బల్లపై ఆకలితో కూర్చున్నవారిలో కొందఱు తరువాత తెలుగునాట ఇంటింట వినబడు పాటలు వ్రాసిరి. ఈ వాడుకను ఏ పార్కు పటమును చూపదు; ఏ పద్దులోను చేరదు.

ఇంట దీపము చాలని విద్యార్థికి తోట చదువుగది. ఒక్క గదిలో ఆఱుగురు కాపురముండు సంసారములో భార్యాభర్తలు నాలుగు మాటలాడుకొనుటకు తోట వీథియరుగు. పని దొరకని కూలివానికి నీడ. కోడలితో మాటపడిన యత్తకును, అత్తతో మాటపడిన కోడలికిని మనసు చల్లబడుదాక తిరుగు చోటు. కొడుకులు విదేశములం దున్న వృద్ధులకు దినమున కొక్కమాఱు పేరుపెట్టి పలుకరించువారు దొరకు చోటు. ఇవన్నియు వాడుకలే. ఇంట చోటు చాలినవానికి తోట విలాసము; చాలనివానికి తోట ఇంటిలో భాగము. ఎవని కెక్కువ యవసరమో వాని మాటయే తోటల యేర్పాటులో తక్కువగా వినబడుచున్నది.

కొన్నియేండ్ల క్రిందట వేసవి నడిమధ్యాహ్నమున నేనొక పార్కు ముందుగా పోవుచుంటిని. చెన్నపట్టణపు పార్కులు పెక్కింటిని పగటివేళ మూసియుంచుట చిరకాలము వాడుకగ నుండెను. ఆనాడును తలుపునకు తాళము వేసియుండెను. లోపల వేపచెట్ల క్రింద మనుష్యుడు లేడు. చక్కని నీడ వ్యర్థముగ నేలపై పఱచుకొనియున్నది. వెలుపల, గోడ నానుకొని, జానెడు నీడలో, రోడ్డుపని చేయు స్త్రీలు నలుగురు సద్దిమూటలు విప్పుకొని తినుచుండిరి. ఒకతె చంటిబిడ్డ ముఖముపై ఎండ పడకుండ కొంగు పట్టుకొనియుండెను. కావలివానిని ‘వీరిని లోనికి రానీయరాదా?’ యని యడిగితిని. ‘నాలుగింటికి తెఱతుమయ్యా, తెఱచినచో తిని పారవేయుదురు, పండుకొందురు’ అని యతడనెను. అతని తప్పేమియు లేదు. అతనికి చెప్పిన మాట యతడు చెప్పెను. తినుట, పండుకొనుట అను రెండును తోటలో దోషములని తీర్మానించినవారు నాలుగు గంటలకు నడకకు వచ్చువారే కాని రోడ్డుపని వారు కారు.

శుభ్రత వలదని నా తాత్పర్యము కాదు. ఎంగిలాకులు పడిన చోట కుక్కలు చేరుననుట నిజమే. తాళము లేని చోట తాగుబోతులు చేరుదురు. అప్పుడు స్త్రీలును పిల్లలును రారు. ఆడువారు తోటకు వచ్చుట మానినచో ఆ తోట సగము చచ్చినట్లే. కాని యీ రోగమునకు మందు తాళము కాదు. దీపములు, మరుగుదొడ్లు, త్రాగునీరు, చెత్తతొట్లు, కనిపెట్టియుండు కావలివాడు. టిక్కెట్టు పెట్టుటయు నిట్టిదే. 2010లో కథీడ్రల్ రోడ్డున తెఱవబడిన సెమ్మొళి పూంగా వంటి సుందరోద్యానమునకు ప్రవేశపు రుసుము కలదు. పోషణకు ధనము వలయుననుట కాదనము. కాని యైదుగురు పిల్లలున్న సంసారికి ఎంత చిన్న రుసుమైనను ఐదింతలగును. తోటలోనికి రాలేనివాడు తోట తఱుగునాడు ఏల కన్నీరు కార్చును? ఒక్క తరగతివారికే పరిమితమైన తోటను ఆ తరగతివారొక్కరే కాపాడుకొనవలెను. వారికి వేఱొకచోట ఇంతకంటె మంచి తోట దొరకినచో ఆ కాపును ఉండదు.

అట్లయిన జనము కాలుపెట్టని యడవి మాటేమి? గిండీలో నట్టి యడవి యొకటి యున్నది. మహానగరము నడుమ కృష్ణజింకలును చుక్కల దుప్పులును తిరుగు నేల యది. 1910లో రిజర్వు అడవిగను, 1978లో జాతీయోద్యానముగను ప్రకటింపబడినది. ఇప్పుడు మిగిలినది సుమారు 270 హెక్టారులు. ఒకప్పు డింతకంటె చాల పెద్దది. అందుండియు సత్కార్యములకు భాగములు పోయినవి: ఉన్నత సాంకేతిక విద్యాలయమునకు కొంత, నాయకుల స్మారకములకు కొంత. జాతీయోద్యానమని పేరు పడిన పిమ్మటగాని కోత నిలువలేదు. లోనికి స్వేచ్ఛగ పోవుటకు వీలులేదు. పిల్లల పార్కును పాముల పార్కును చూచి జనము తిరిగివత్తురు. వాడుకయే తోటకు కాపన్న నా మాట ఇచ్చట చెల్లునా?

చెల్లును, కాని వాడుక యను మాటకు అర్థము విస్తరింపవలెను. 1984లో అమెరికాలో రోజర్ ఉల్రిచ్ అను శాస్త్రజ్ఞుడు ఒక పరిశోధనమును ప్రకటించెను. ఒకే ఆసుపత్రిలో ఒకే శస్త్రచికిత్స పొందిన రోగులలో, కిటికీగుండ చెట్లు కనబడు గదులలోనివారు, ఇటుకగోడ కనబడు గదులలోనివారికంటె ముందుగ ఇంటికి పోయిరనియు, బాధ నణచు బలమైన మందులు తక్కువగ కోరిరనియు ఆయన చూపెను. ఆ రోగులు చెట్టును ముట్టలేదు, దాని నీడన నిలువలేదు, చూచిరి, అంతే. చూచుటయు వాడుకయే. గిండీ యడవి మీదుగ వచ్చు చల్లదనము దాని ప్రక్కగ బస్సులో పోవువానికిని తగులును. ఆకులు వేళ్ల నీటిని ఆవిరిగ విడుచునప్పుడు చుట్టును గాలి చల్లబడును. సిమెంటు పఱచని నేల వాననీటిని త్రాగి బావులకు పంపును. సైదాపేటలోని బావికి ఈ యడవితో చుట్టరికమున్నదని ఆ బావినీరు తోడు నిల్లాలికి తెలియకపోవచ్చును. తెలియచేయుట విద్యావంతుల పని.

అడవి విషయమున మన చూపులో నింకొక లోపమున్నది. తోట యనగా మనకు కత్తిరించిన గడ్డి, వరుసగ పూలకుండీలు, రంగు వేసిన అంచుఱాళ్లు. ముండ్లపొద, ఎండుటాకుల గుట్ట, పడియున్న మాను చూచిన ‘ఎవరును పట్టించుకొనలేదు’ అని నిట్టూర్తుము. నిజమునకు ఆ ఎండుటాకులలోనే పురుగు బ్రదుకును. పురుగుచే పిట్ట బ్రదుకును. ముండ్లపొదయే ముంగిస కిల్లు. 2016 డిసెంబరులో వర్దా తుపాను చెన్నపట్టణమున వేలకొలది చెట్లను కూల్చినప్పుడు నగరమంతయు బంధువు పోయినట్లు విచారించెను. వీథులలో నెవరో నాటి పెంచిన చెట్లు చచ్చినచో తిరిగి నాటవలెను. అడవి మాత్రము తనంత తానే మొలకెత్తగలదు, మనము దానిని అందగింప బూనకున్నచో. అందగించుటయు నొక విధమైన ఆక్రమణమే. మనుష్యులు వాడుకొనవలసిన తోటను తెఱచియుంచుట ఎంత ముఖ్యమో, మనుష్యులు తాకరాని యడవిని తాకకుండుట అంత ముఖ్యము. రెంటి ధర్మములు వేఱు. ఒకదాని నియమమును రెండవదానికి వర్తింపజేయుటచే రెండును చెడుచున్నవి: ప్రజల పార్కునకు తాళము, అడవికి పూలకుండీలు.

తెలుగు కుటుంబములు తరతరములుగ నివసించు బెంగుళూరును చూచినచో ఈ ధర్మమునకు మంచి యుదాహరణము లభించును. హైదరాలీ 1760లో ప్రారంభించిన లాల్‌బాగు నేడు 240 ఎకరములతో నిలిచియున్నది. 1870లో ఏర్పడిన కబ్బన్ పార్కును 1975 నాటి పార్కుల సంరక్షణ చట్టము కాపాడుచున్నది. అయినను 1998లో అందు కొంత భూమిని చట్టపు పరిధినుండి తొలగింప ప్రభుత్వము బూనుకొనెను. అప్పుడు వీథిలోనికి వచ్చినవారు ఆ తోటలో దినదినము నడచువారు, చదువుకొనువారు, బొమ్మలు గీయువారు. చట్టము నిదురపోయినప్పుడు లేపునది వాడుకరియే. నేడు ఆ పార్కున శనివారపు టుదయములందు యువతీయువకులు చాపలు పఱచుకొని, తమతమ పుస్తకములు చేతబట్టి, మాటలేక గంటలకొలది చదువుకొనుచుందురు. ఉపన్యాసము లేదు, చందా లేదు. దీనివలన తోటకేమి లాభమని యడుగుదురేమో. రేపు ఆ చెట్లలో నొకదానిపై గొడ్డలి పడినచో అన్ని పుస్తకములును ఒక్కమాఱు మూయబడును.

హైదరాబాదులో 2025లో నిట్టిదే జరిగెను. విశ్వవిద్యాలయపు ప్రక్కనున్న కంచ గచ్చిబౌలి 400 ఎకరములను అభివృద్ధికై చదును చేయుటకు యంత్రములు వచ్చినప్పుడు, అది ఉత్త బీడు భూమి యని ఒకరు, నెమళ్లును జింకలును తిరుగు నడవి యని మఱియొకరు. అడ్డుపడినవారు ఆ దారులు నిత్యము తిరిగెడి విద్యార్థులు. ఏప్రిలు 3న సుప్రీముకోర్టు తనంతతాను కలుగజేసికొని చెట్లు కొట్టుట నాపించెను. ఇక్కడను వివాదమంతయు నా పాత మాట మీదనే: ఖాళీయా, కాదా?

మరల చెన్నపట్టణమునకు వత్తము. 2024లో తమిళనాడు ప్రభుత్వము గిండీలోని గుఱ్ఱపు పందెముల మైదానమును స్వాధీనపఱచుకొని, అందు 118 ఎకరములను ఉద్యానవనము కొఱకు ఉద్యానశాఖకు కేటాయించినది. ఆ విషయమై వ్యాజ్యములు నడచినవి. వానిలోని న్యాయాన్యాయములు మన కిప్పుడు విషయము కావు. నా దృష్టి యంకె మీద నిలిచినది. పోగొట్టుకొన్నది 116 ఎకరములు. రానున్నదని చెప్పబడినది 118. నూటఅఱువది యేండ్ల తరువాత ప్రజల తోటను తిరిగి నాటుకొను నవకాశము, రెండెకరముల వడ్డీతో సహా, ఈ నగరమునకు కలిగినది. ఇట్టి యవకాశము ఏ నగరమునకును మూడవమాఱు రాదు.

ఆ తోట యేర్పడునేని దానికి మొదటినాడే మూడు కట్టుబాట్లు కావలెను. మొదటిది: ఎల్లలు చట్టములోనే వ్రాయబడవలెను, సంగ్రహశాలకైనను స్మారకమునకైనను రైలుకైనను ఒక్క సెంటు కోయవలసివచ్చినచో శాసనసభయెదుట బహిరంగముగ చెప్పి కోయవలెను. రెండవది: తలుపు తెల్లవారుజామునుండి రాత్రి వఱకు తెఱచియుండవలెను, రుసుము వలదు, సద్దిమూటతో వచ్చినవానికి బల్ల, నిద్ర వచ్చినవానికి నీడ, ఆడువారికి దీపము, అందఱికిని మంచినీరు ఉండవలెను. మూడవది: అందొక భాగమును తోటమాలి కత్తెర సోకని యడవిగ విడువవలెను, పిల్లలు దానిని గట్టునుండి చూచి ‘అది మనది కాదు, పిట్టలది’ యని నేర్చుకొనవలెను. ఈ మూటిలో నేదియు పెద్ద ధనముతో పనిలేనిది. మొదటి దానికి వలసినది సంయమము. రెండవ దానికి దయ. మూడవ దానికి ఓరిమి.

ఇక మొదట వేసిన ప్రశ్నకు సమాధానము. నాలుగెకరముల తోట నిలిచి నూటపదునాఱెకరముల తోట పోవుటకు కారణము విస్తీర్ణము కాదు, ధనము కాదు, తుదకు పేరును కాదు. చిన్న తోటకు దినమును రెండుపూటల వచ్చు నిరుగుపొరుగు కలదు. ఒక్క కొమ్మ విఱిగినను ‘ఎందుకు విఱిగినది?’ యని యడుగువా రుందురు. ఒక్క బల్ల తీసివేసినచో మఱునాడు కావలివాడు పదిమందికి సంజాయిషీ చెప్పుకొనవలెను. వారిలో పెక్కుమందికి నాగేశ్వరరావు పంతులుగా రెవరో తెలియదు. పంతులుగారు దానికి నొచ్చుకొనరని నా నమ్మకము. తన పేరు చదువకయే తన పేరిటి నీడలో కూర్చుండు జనముకంటె దాతకు వేఱు స్మారకమేల? నిన్న సాయంకాలము నేను పోవునప్పటికి, ఒక ముదుసలి బల్ల కొనకు జరిగి, నాకు చోటిచ్చి, అఱవమున ‘కూర్చోండి’ అనెను. నేను తెనుగున కృతజ్ఞత చెప్పితిని. చీకటి పడువఱకు ఇరువురము మఱి మాటలాడలేదు. పిట్టలు గూళ్లకు చేరుచుండెను. ఆ గంటసేపు ఆ స్థలము ఖాళీగ నున్నదని ఎవరైన అనియుండినచో, మేమిరువురము ఒక్కమాఱు లేచి యుందుము.